జీతం కంటె నయం

బాపుకు కంటి ఆపరేషన్ అయినంక పదిహేను రోజులు హన్మకొండల మా ఇంట్లనే ఉంచుకున్న. దుమ్ముల తిరగొద్దు, వంగొద్దు, బరువు లేపొద్దు అని డాక్టర్ చెప్పిండు, ఊర్ల ఉంటె ఆయన పొద్దుగాలకెల్లి పొద్దుమూకేదాక చేసేటియి ఈ మూడు పనులే. రోజు లేవంగనే సంచి సర్దుకునుడు, ఇయ్యాల పోత బిడ్డా అనుడు, నేను ఆ సంచి తీసి మళ్ల అల్మారీల పెట్టుడు. పగలు ఎట్లనో గడిచిపోయేది, పిల్లలు ఉంటరు, గల్లీల ఎవలో ఒకలు ముచ్చటకు వస్తరు, రాత్రి మాత్రం ఆయనకు నిద్ర పట్టకపోతుండె. నాలుగు గంటలకోసారి కంట్ల చుక్కల మందు వెయ్యాలె కాబట్టి నాకు గూడ మెలకువనే. గట్ల ఒక రాత్రి పదకొండు గంటల చుక్కల కోసం కూసొని టీవీల ఒక పాత ఇంగ్లిష్ సినిమా పెట్టుకున్న.

ది మిస్‌ఫిట్స్. 1961ల వచ్చిన బ్లాక్ అండ్ వైట్ సినిమా, జాన్ హ్యూస్టన్ తీసిండు, రాసింది ఆర్థర్ మిల్లర్. సుబేదారి ఆర్ట్స్ కాలేజీల ఎంఏ ఇంగ్లిష్ చదివినప్పుడు మాకు మిల్లర్ నాటకం ఒకటి ఉండె, ఇల్లు గడవక సూట్‌కేసులు మోసుకుంట తిరిగి తిరిగి కూలిపోయే ఒక సేల్స్‌మన్ కథ, అది చదివినప్పటికెల్లి ఈయన రాసిన సినిమా ఎప్పటికన్న చూడాలె అనుకుంట వచ్చిన, చూసెటాళ్లకు ఇరవై ఏండ్లు పట్టింది.

ఇది ఎట్ల పుట్టిందో ముందు చెప్తె మంచిగుంటది. అమెరికాల నెవాడా రాష్ట్రంల 1931కెల్లి ఒక చట్టం ఉండె, అక్కడ ఆరు వారాలు కాపురముంటె చాలు విడాకులు ఇస్తరు. వేరే రాష్ట్రాలల్ల ఏండ్లకేండ్లు పట్టేటిది కాబట్టి దేశం మీద ఉన్నోళ్లందరు రీనో అనే ఊరికి వచ్చి ఆరు వారాలు ఉండి విడాకులు తీసుకొని పోతుండిరి. 1956ల మిల్లర్ గూడ మొదటి భార్యకెల్లి విడాకులు తీసుకునేటందుకు అక్కడికే వచ్చి పిరమిడ్ లేక్ అనే చెరువు కాడ ఉన్నడు, అప్పుడే కొందరు కౌబాయ్‌లు పరిచయమైన్రు. పాత సినిమాలల్ల చూసినట్టు వందల ఆవులను తోలేటోళ్లు కాదు, ఆ కాలం అప్పటికే అయిపోయింది. వీళ్లు కొండలల్ల మిగిలిన అడవి గుర్రాలను, వాటిని మస్టాంగ్‌లు అంటరు, పట్టి తూకానికి అమ్ముతుండిరి, కుక్కల తిండి డబ్బాలల్ల నింపేటందుకు. మిల్లర్ అదొక కథ రాసిండు, 1957ల పత్రికల అచ్చయింది, తర్వాత తన రెండో భార్య మార్లిన్ మన్రో కోసం దాన్నే సినిమాగ పెంచిండు. ఆమె వేసిన వేషం కథల ఎక్కడనో మాటల మధ్యల మాత్రమే ఉంటది, సినిమాల కథంత ఆ వేషం చుట్టే తిరుగుతది.

1960 ఎండాకాలంల నెవాడా ఎడారిలనే తీసిన్రు. తీస్తుండంగనే మిల్లర్‌కు మన్రోకు మధ్యల అంత చెడిపోయింది, ఆమె నడుమ దవాఖానల పడ్డది, షూటింగ్ ఆగి మళ్ల మొదలైంది. నవంబర్ 4 నాడు షూటింగ్ అయిపోయింది, రెండు రోజులు గూడ దాటకముందే సినిమా హీరో క్లార్క్ గేబుల్‌కు గుండెపోటు వచ్చింది, నవంబర్ 16న చనిపోయిండు, 59 ఏండ్లు. నాలుగు నెలలకు ఆయనకు కొడుకు పుట్టిండు. మన్రో పూర్తి చేసిన ఆఖరి సినిమా గూడ ఇదే, 1962 ఆగస్టుల ఆమె పోయింది, 36 ఏండ్లకు. ఈ సినిమా గురించి ఎవలు రాసిన ఈ చావుల ముచ్చటే ఎక్కువ రాస్తరు, ఏదో శాపం ఉన్నట్టు. నాకు ఆ రాతలు నచ్చవు. వాళ్లు అంత కష్టంల ఉండి గూడ చేసిన పని తెర మీద కనవడుతున్నది, మాట్లాడితె దాని గురించి మాట్లాడాలె.

సినిమా సగం కాడికి వచ్చింది, రోడియో సీన్ నడుస్తున్నది, ఎగిరే ఎద్దుల మీద గుర్రాల మీద కూసొని ఎంతసేపు ఆగుతరో పందెం కట్టే జాతర అసొంటిది. లోపల పండుకున్న బాపు గుర్రం సకిలిస్తె విని లేచి వచ్చిండు. నల్లద్దాలు పెట్టుకొని సోఫా అంచు మీద కూసున్నడు.

"గుర్రాల సిన్మానా?"

"కౌబాయ్ సినిమా బాపు."

"కృష్ణ టోపీ పెట్టుకొని చేసిండు సూడు, గసొంటిదా?"

"గసొంటిది కాదు. తుపాకులు కాల్చుకునుడు ఉండదు. వీళ్లకు గుర్రాలు గూడ సరిగ లేవు, పాత లారీ ఒకటి, పాత విమానం ఒకటి ఉన్నయి."

సినిమా ఆపి ఆయనకు కథ చెప్పిన. రోజ్లిన్ అనే ఆమె, అంటె మన్రో, విడాకులకు రీనోకు వస్తది. అక్కడ విడాకులు అయినోళ్లు పెండ్లి ఉంగరం తీసి ట్రకీ నదిల పడేస్తరట, ఇల్లు కిరాయికిచ్చిన ఐసబెల్ అనే పెద్దామె చెప్తది, రోజ్లిన్ మాత్రం పడెయ్యది. అక్కడ ఇద్దరు మొగోళ్లు కలుస్తరు, ఒకాయన గీడో, యుద్ధంల విమానం నడిపి బాంబులేసి వచ్చి ఇప్పుడు మెకానిక్ పని చేస్తడు, భార్య కాన్పుల చనిపోయింది, ఆమె కోసం కట్టిన ఇల్లు సగంల ఆగిపోయింది. ఇంకొకాయన పేరు గే, ఆ వేషం గేబుల్‌ది, వయసు మీద పడ్డ కౌబాయ్, పెండ్లాంతోని విడాకులైనయి, పిల్లలు ఎక్కడనో ఉన్నరు. ఆ సగం కట్టిన ఇంట్ల గే, రోజ్లిన్ కలిసి ఉంటరు. తర్వాత పర్స్ అనే పిల్లగాడు కలుస్తడు, రోడియోలల్ల కిందవడి కిందవడి తలకాయ పలిగినోడు. 

"అయితె ఈ ముసలాయన ఏం పని జేస్తడు?"

"ఏం చెయ్యడు బాపు. ఎప్పుడన్న గుర్రాలు పట్టి అమ్ముతడు. ఎవలన్న అడిగితె జీతం కంటె నయం అంటడు."

బాపు చెయ్యి లేపి ఆగు అన్నడు. "ఏమన్నడు, మళ్ల చెప్పు."

"జీతం కంటె నయం."

"గదీ మాట" అన్నడు. అని చాలాసేపు తల ఊపుకుంట కూసున్నడు.

ఇంగ్లిష్‌ల ఆ మాట వేజెస్ అని ఉంటది, దాన్ని తెలుగుల జీతం అంటరు, నేను అదే చెప్పిన. కాని నేను చెప్పిన జీతం వేరు, బాపు విన్న జీతం వేరు. నాకు జీతం అంటె ఒకటో తారీఖు బ్యాంకుల పడేటిది. బాపుకు జీతం అంటె జీతం ఉండుడు. మా తాత ఒక దొర దగ్గర జీతమున్నడు, ఏడాదికి ఇన్ని వడ్లు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు, దానికి బదులు పొద్దుపొడువకముందు నుంచి రాత్రి పసులకు గడ్డేసేదాక మనిషి దొరదే. బాపును గూడ రెండేండ్లు అదే ఇంట్ల పసుల కాడ పెట్టిన్రు, పదేండ్ల పిల్లగాడు, బడి లేదు. మా తాత ఎట్లనో అప్పు చేసి ఒక జత ఎడ్లు కొని జీతం ఇడిసిపెట్టిండు, కౌలుకు రెండెకరాలు పట్టిండు. "ఎడ్లున్నోడు ఎవుసం జేస్తడు బిడ్డా, ఎడ్లు లేనోడు జీతముంటడు, గంతే ఉండె అప్పుడు" అని బాపు ఎప్పుడు చెప్పేటి మాటే, ఆ రాత్రి గూడ చెప్పిండు. నేను చిన్నప్పటికెల్లి వింటున్న, ఎడ్లంటె దున్నేటియి అని మాత్రమే అనుకున్న, మా ఇంట్ల ఆ రెండు ఎడ్లు విడుదల కాయితాలు అని, ఒక అమెరికా ముసలాయన మాటను తెలుగుల చెప్తుంటె నాకు సమజైంది.

సినిమా మళ్ల పెట్టిన. ఇగ బాపు లేవలే.

అక్కడక్కడ నేను చెప్పుకుంట పోయిన, అక్కడక్కడ ఆయనే చెప్పిండు. కొన్ని సీన్లు ఆయన కోసం వెనుకకు తిప్పి గూడ పెట్టిన. పర్స్ ఒక టెలిఫోన్ డబ్బాల నిలవడి తల్లితోని మాట్లాడుతడు, నా ముఖం మంచిగనే మానింది అమ్మా, చూస్తె గుర్తుపడుతవు అంటడు. ఆ వేషం వేసింది మాంట్‌గొమరీ క్లిఫ్ట్, ఆయనకు నిజంగనే 1956ల కారు యాక్సిడెంట్ అయి ముఖం పచ్చడైతె కుట్లేసి నిలవెట్టిన్రు, ఆ ముఖంతోనే ఈ మాట చెప్తడు. అది బాపుకు నేను చెప్పలే. చెప్పకముందే ఆయన, "ఈ పోరనికి నిజంగ దెబ్బ తాకింది, యాక్టింగ్ కాదు" అన్నడు.

ఇంకోటి, కుందేలు ముచ్చట. గే, రోజ్లిన్ ఇద్దరు ఆ ఇంటి కాడ కూరగాయలు పెడితె కుందేలు వచ్చి ఆకులు తింటది, గే తుపాకి తీసుకుంటడు, ఆమె వద్దని బతిమాలుతది. నేను చదివిన రాతలల్ల అందరు ఆమె దిక్కే, ఎంత సున్నితమైన మనసు అని. బాపు మాత్రం గే దిక్కు. "పెట్టిన పంట తింటె కొట్టరా మరి? మొన్న అడవి పందులు వచ్చి మక్కచేను అంత దొర్లిపోయినయి, గదేమన్న అంటె ఆ పిల్ల బువ్వ పెడ్తదా?" అన్నడు. ఆయనను నేను కాదనలే, చేను దొర్లిన పొద్దు ఆయన గొంతు నేను ఫోన్ల విన్న. ఈ సినిమాల నాకు నచ్చింది గూడ అదే, గేను దుర్మార్గుని చెయ్యలే. గుర్రాలను పట్టి అమ్మేటోడే, కాని ప్రేమించే మనిషే, రోడియో అయినంక తాగి తన పిల్లలను వెతుక్కుంట కారు ఎక్కి నిలవడి పేర్లు పెట్టి పిలిచి పిలిచి కిందవడే సీన్ చూసినోళ్లు ఎవలు గేబుల్‌ను మర్చిపోరు. బాపు ఆ సీన్ల నల్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ల పెట్టుకున్నడు, కన్ను తాకొద్దని నేను మొత్తుకున్న.

ఇగ గుర్రాలు.

ఎండిపోయిన చెరువు అసొంటి తెల్లటి మైదానం, చుట్టు కొండలు. గీడో విమానం వేసుకొని పోయి గుర్రాల మీదికి కిందికి వంగుకుంట వాటిని కొండల్లకెల్లి మైదానానికి తరుముతడు. కింద లారీ రెడీగ ఉంటది, వెనక గే, పర్స్ తాళ్లు పట్టుకొని నిలవడుతరు, తాడు కొసకు లారీ టైరు కట్టి ఉంటది. గుర్రం మెడల ఉచ్చు పడంగనే తాడు ఇడిసిపెడుతరు, అది టైరును ఈడ్సుకుంట ఉరికి ఉరికి అలిసి నిలవడుతది, అప్పుడు పోయి కాళ్లు కట్టి పడేస్తరు. ఎన్నొస్తయో అనుకుంటె వచ్చినయి ఆరు. ఒక మొగ గుర్రం, నాలుగు ఆడ గుర్రాలు, ఒక పిల్ల. ఒకప్పుడు ఈ కొండలల్ల వేలు ఉండేటియి అని గే చెప్తడు. ధర, పౌనుకు ఆరు సెంట్లు.

"గుదికొయ్య కట్టిన్రు గదా" అన్నడు బాపు టైర్లను చూసి. మా దిక్కు చేండ్లకు ఎగవడే దొంగపసులకు మెడల మొద్దు కడుతరు, నడిచినప్పుడల్ల మోకాళ్లకు తాకుతది, ఉరకలేవు. "గుదికొయ్య కట్టేది మన పసి మనకాడ ఉండాల్నని. వీళ్లు సంపేటందుకు కడుతున్నరు."

ఆ గుర్రాల గురించి ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె. అదే రీనోల వెల్మా జాన్‌స్టన్ అని ఒకామె ఉండె, ఆఫీసుల పని చేసేటామె. 1950ల ఒక పొద్దు డ్యూటీకి పోతుంటె ముందు పోయే లారీకెల్లి నెత్తురు కారుతుంటె చూసి దాని వెనకాలనే పోయింది, లోపల ఇట్ల పట్టిన గుర్రాలు కిక్కిరిసి ఉన్నయి. ఆ రోజుకెల్లి ఆమె ఊకోలే. అందరు ఎక్కిరించి వైల్డ్ హార్స్ ఆనీ అని పేరు పెట్టిన్రు, ఆమె అదే పేరు పెట్టుకొని తిరిగింది, బడిపిల్లలతోని జాబులు రాయించింది. 1959ల సర్కారు భూములల్ల విమానాలతోని బండ్లతోని అడవి గుర్రాలను తరుముడు బంద్ చేసుకుంట చట్టం వచ్చింది, 1971ల వాటిని పూర్తిగ కాపాడేటి చట్టం వచ్చింది. అంటె ఈ సినిమా తీసేటప్పటికి తెర మీద చూపిచ్చే పని ఎక్కువ తక్కువ నేరమే. మిల్లర్ సినిమాల ఆమె పేరు లేదు, కాని రోజ్లిన్ గొంతుల నాకు ఆమె గొంతు గూడ వినవడ్డది.

ఎందుకంటె రోజ్లిన్ ఆరాట పడే తీరు అట్లనే ఉంటది. ముందు అడుగుతది. తర్వాత పైసలిస్త అంటది, రెండు వందల డాలర్లు ఇస్త ఇడిసిపెట్టు అని గేతోని అంటది, అది ఆయనకు ఇంకా కోపమైతది. గీడో ఆమెను పక్కకు తీసుకపోయి నేను ఆపుత, నాకు ఒక కారణం చూపియ్యి అంటడు, అంటె గేను ఇడిసి నాతోని రా అని. ఆమె ముఖం అప్పుడు చూడాలె. ఒక పాపం చెయ్యకుండ ఉండేటందుకు గూడ ఈ మనిషికి బదులు ఏదో కావాలె. భార్య పోయిన దుఃఖం గురించి, వేసిన బాంబుల గురించి అంతసేపు చెప్పుకున్న గీడో లోపల ఏమున్నదో ఆ ఒక్క మాటల బయటపడుతది, ఆ వేషం వేసిన ఈలై వాలక్ దాన్ని చిన్నగ నవ్వుకుంట చెప్తడు, అందుకే ఒళ్లు జలదరిస్తది. 

ఆమె ఇగ ఉరికి పోతది. మైదానంల దూరంగ పోయి నిలవడి మొత్తుకుంటది, మీరు హంతకులు, మీరు అబద్ధాలకోర్లు, మీరు చచ్చిన మనుషులు అని. హ్యూస్టన్ కెమెరాను కదపలే. మార్లిన్ మన్రో ముఖం దగ్గరికెల్లి చూపియ్యాలె అని ఏ డైరెక్టరైన ఆశపడుతడు, ఈయన ఆమెను చేతి వేలంత చేసి ఆ తెల్లటి మన్నుల నిలవెట్టిండు. మొగోళ్లు ముగ్గురు నిలవడ్డ కాడికెల్లి మనం వింటున్నం. గొంతు గాలికి సన్నగయి వస్తది.

బాపు ముందుకు వంగిండు. "దగ్గరికి పోతలేరేంది?"

"కెమెరా అక్కడనే పెట్టిన్రు బాపు."

"కాదు, వాళ్లు. వాళ్లు దగ్గరికి పోతలేరేంది." తర్వాత మెల్లగ అన్నడు, "పోరు. పోబుద్ధి కాదు."

నేను సినిమా ఆపలే. ఆయనే చెప్పుడు మొదలు పెట్టిండు, టీవీ దిక్కే చూసుకుంట.

మా ఇంట్ల ఎడ్లు రెండు ఉండె, మైలోడు, పుల్లోడు. తాత కొన్న జత కాదు, వాటి తర్వాత జత. మైలోడు దాపట, పుల్లోడు ఎలపట, పక్కలు మారిస్తె అడుగు వెయ్యకపోతుండె రెండు. ఐనవోలు జాతరకు బండి కట్టుకొని పోతె దారి పొడుగున అందరు ఆగి చూసేటోళ్లు. నేను పది చదివిన యేడు, 1998 ఎండకాలం, బాపు వాటిని అమ్మిండు. అంతకుముందు పత్తికి లద్దెపురుగు వచ్చి, ఏ మందు కొట్టిన చావక, మా వరంగల్ జిల్లాల ఎంతమంది రైతులు అదే మందు తాగి పోయిన్రో అందరికి తెలుసు, ఆ యేడు. మా ఇంట్ల ఆ మందు డబ్బాలను అమ్మ రాత్రిళ్లు ఎక్కడ దాచిపెట్టేదో పొద్దుగాల నేను వెతికి చూసుకునేదాన్ని. మందుల దుకాణం బాకీ కట్టాలె, ఎడ్లు పోయినయి. నర్సంపేట దిక్కు ఒక రైతు కొన్నడు, మంచోడు, బాయి కింద ఎవుసం, మస్తు గడ్డి ఉంటది అని బాపు చెప్పిండు. తమ్ముడు ఆ రైతు ఇంటికి పోదాం, చూసొద్దాం అని రెండు మూడేండ్లు అడిగిండు. పోదాం తియ్యి అనేటోడు బాపు.

"నర్సంపేట లేదు ఏం లేదు బిడ్డా."

నేను ఊకున్న.

"ఆ యేడు అంగడిల కొనేటోడు ఎవడున్నడు, అందరు అమ్మేటోళ్లే. పొద్దున్నుంచి పెడితె పొద్దుగూకినంక ఒక్క దలారి వచ్చిండు. రైతు అయితె ఏం జేస్తడు, నోరు తెరిచి పండ్లు చూస్తడు. సుడులు చూస్తడు. గిట్టలు చూస్తడు. కాడి కట్టి నాలుగు అడుగులు నడిపిస్తడు. వాడు ఒక్కటి చూడలే. మైలోని తొంటి మీద చెయ్యేసి గిట్ల వత్తి చూసిండు, పక్కబొక్కల మీద చెయ్యి ఆడిచ్చిండు. గప్పుడే నాకు సమజయ్యింది వాడు దేనికి కొంటుండో. సమజయ్యి గూడ పైసలు లెక్క పెట్టుకున్న."

చెయ్యి ఎట్ల వత్తిండో సోఫా చెయ్యి మీద వత్తి చూపిచ్చిండు, బొటనవేలు లోపలికి, నాలుగు వేళ్లు బయటికి. 

"అమ్మకు తెలుసా బాపు?"

"నా ముఖం చూసింది, గంతే. ఇంటి కాడ మొత్తుకుంటె మీకు తెలుస్తదని తెల్లారకముందు బాయికాడికి పోయింది. నేను వెనకాల పోయిన, బాయిల దునుకుతదేమో అని. గట్టు మీద నిలవడ్డ. గిదే తీరు," టీవీ దిక్కు వేలు పెట్టి చూపిచ్చిండు, "గింతంత కనవడ్డది. మొత్తుకున్నది. నేను దగ్గరికి పోలే."

అమ్మ పోయి ఆరేండ్లు అయింది. ఎడ్లు పోయిన తర్వాత ఆమె రెండు రోజులు అన్నం తినలేదు అని నాకు గుర్తుంది, జ్వరం అని చెప్పింది మాకు. కొట్టంల గోడకు మేకు మీద రెండు పలుపులు వేలాడుతుండేటియి, జనుముతోని బాపు పేనినయి. ఎడ్లను అమ్మినా పలుపు ఇయ్యరు మా దిక్కు, విప్పి ఇంటికి తెచ్చుకుంటరు. ఆ కొట్టంల ఇప్పుడు తమ్ముని ట్రాక్టర్ ఉంటది, పలుపులు అదే మేకు మీద ఉన్నయి, ఎవలు తియ్యలే. ఎందుకు తియ్యలేదో నేను ఎన్నడు అడగలే.

సినిమా నడుస్తనే ఉన్నది. పర్స్ లారీ ఎక్కి పోయి ఒక్కొక్క గుర్రం తాడు తెంపి ఇడిసిపెడుతడు. గే మాత్రం ఊకోడు, మొగ గుర్రాన్ని మళ్ల పట్టుకుంటడు, ఒక్కడే, తాడు చేతుల కోసుకపోతుంటె మన్నుల ఈడ్సుకపోతుంటె ఇడువడు, ఆఖరికి దాన్ని లారీకి కట్టి పడేస్తడు. పడేసినంక, రొప్పుకుంట, కత్తి అడిగి తీసుకొని తనే తాడు కోసిపెడుతడు. నా బదులు ఇంకొకలు ఆలోచన చేసుడు నాకు వద్దు అంటడు. చాలామందికి ఈ సీన్ మొండితనం అనిపిస్తది, ఇడిసేటిదానికి మళ్ల పట్టుడెందుకు అని. నాకు ముందు అట్లనే అనిపించింది. 

బాపుకు నేను తెలుగుల చెప్పకముందే అర్థమైంది. "పట్టుకున్నోడే ఇడువాలె" అన్నడు. "ఇంకొకడు ఇడిస్తె ఈయన ఓడిపోయినట్టు. ఈయనే ఇడిసిండు, ఇగ ఈయన పోయి జీతమున్న ఎవడు ఏమనడు." కొంచెం ఆగి, "నాకు గా కత్తి చేతికి రాలే బిడ్డా" అన్నడు.

ఏం చెప్పాల్నో నాకు తోచలే. ఆయన చెయ్యి మీద చెయ్యేసిన, మా ఇంట్ల అట్ల అలవాటు లేదు, ఆయన తియ్యలే.

ఆఖరు సీన్ల రాత్రయితది. గే, రోజ్లిన్ లారీల పోతుంటరు, కుక్క గూడ ఉంటది. చీకట్ల ఇంటి తొవ్వ ఎట్ల తెలుస్తది అని ఆమె అడుగుతది. ఎదురుంగ ఉన్న పెద్ద చుక్కను చూపిచ్చి, దాని దిక్కే పోవుడే, రోడ్డు దాని కిందనే ఉన్నది, అదే ఇంటికి తీసుకపోతది అంటడు ఆయన. క్లార్క్ గేబుల్ సినిమాల చెప్పిన ఆఖరి మాటలు అవే. నేను బాపుకు చెప్పిన.

"సుక్కనా?" అన్నడు. టీవీ వెలుగు నల్లద్దాల మీద పడుతున్నది. "మనకు సుక్కతోని ఏం పనుండె బిడ్డా. ఐనవోలుకెల్లి అర్ధరాత్రి బయలెల్లితె మీ అమ్మ, మీరు, నేను, అందరం బండ్ల పండుకునేది. పగ్గాలు ఇడిసిపెట్టి పండుకునేది. కండ్లు తెరిచెటాళ్లకు బండి మన కొట్టం ముందట ఆగి ఉండేటిది. మైలోడు కాలు తోని తన్నుతుండె, లెవ్వుండ్రి అని."

పేర్లు పడుతున్నయి, సంగీతం నడుస్తున్నది. గడియారం చూస్తె పన్నెండు దాటింది, పదకొండింటి చుక్కలు మర్చేపోయినం ఇద్దరం. లేచి సీసా తెచ్చిన. బాపు అద్దాలు తీసి, తల వెనుకకు వాల్చి, కన్ను తెరిచి పెట్టిండు.